అమ్మ మోకాలి కొలతలు

గరిడేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో మోకాళ్ల నొప్పి ఒక్కసారిగా బయటపడదు. ముందు పీట మారుతుంది. నిన్నటిదాకా నేల మీద కూర్చుని కూరగాయలు తరిగిన అమ్మ, ఇవాళ మంచం అంచున కూర్చుని తరుగుతుంది. ఎవరూ పట్టించుకోరు. ఆ తర్వాత బతుకమ్మ ఆటలో రెండు చుట్లు తిరిగి అరుగు మీద కూలబడుతుంది. ‘ఎండకు కండ్లు తిరిగినయ్’ అంటుంది. రెండేళ్లకోసారి జరిగే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు అందరితోపాటే బయల్దేరుతుంది. గట్టు కిందికి చేరాక మాత్రం ‘మీరు పోయి రాండ్రి, నేను సామాన్ల కాడ ఉంట’ అంటుంది.

ఇంట్లో వాళ్లకు అసలు సంగతి అర్థమయ్యేసరికి నాలుగైదేళ్లు గడిచిపోతాయి. అప్పటికి నొప్పితోపాటు కాలు కూడా వంకర తిరుగుతుంది. నడిచేటప్పుడు మనిషి పడవలా అటూ ఇటూ ఊగుతుంది. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన కొడుకు ఆ నడక చూసి ఉలిక్కిపడతాడు. రోజూ చూసే వాళ్లకు కనిపించనిది, ఆర్నెల్లకోసారి చూసేవాడికి ఇట్టే కనిపిస్తుంది మరి!

కాల్వతో పెరిగిన కాళ్లు

నాగార్జునసాగర్ నుంచి కాల్వలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. ఎడమ కాల్వ నీళ్లతో ఈ ప్రాంతం రూపే మారిపోయింది. పొలాలు వరి మళ్లయ్యాయి, మిర్యాలగూడలో రైసుమిల్లులు వెలిశాయి. ఆ కాల్వతోపాటు పెరిగిన ఆడపిల్లలే ఇవాళ అరవై దాటిన అమ్మలు, అత్తలు. నారు పీకినా, నాట్లేసినా, కలుపు తీసినా వాళ్లే. పొద్దున్నే బర్రె దగ్గర గొంతుక్కూర్చుని పాలు పిండాలి. పొయ్యి దగ్గరా, అంట్ల దగ్గరా, బట్టల బండ దగ్గరా మళ్లీ అదే కూర్చోవడం. రోజుకు ఎన్నిసార్లు కూర్చుని లేచారో లెక్కపెట్టిన వాళ్లు లేరు.

మోకాళ్ల అరుగుదలకు పని ఒక్కటే కారణమని చెప్పలేం. వయసు, బరువు, వంశం, ఎప్పుడో తగిలిన దెబ్బ... అన్నీ కలుస్తాయి. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, అందులోనూ నెలసరి ఆగిన తర్వాత, ఈ బాధ ఎక్కువ. అయితే మోకాలి మీద బరువు మోపి, పూర్తిగా మడిచి చేసే పనులు ఏళ్ల తరబడి చేస్తే అరుగుదల పెరుగుతుందన్నది వైద్యులు ఒప్పుకునే మాటే.

అరిగింది చిప్ప కాదు

సూర్యాపేటో, కోదాడో, మిర్యాలగూడో... ఏదో ఒక ఊళ్లో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయిస్తాడు. ‘గుజ్జు అరిగిపోయింది’ అంటాడు. ఇంటికొచ్చాక ఆ మాట ‘చిప్పలు అరిగినయంట’గా మారుతుంది. ఆపరేషన్‌కు ‘చిప్ప మార్పిడి’ అన్న పేరు స్థిరపడింది కూడా అలాగే. నిజానికి చిప్ప అంటే మోకాలి ముందుండే చిన్న ఎముక. ముఖ్యంగా అరిగేది అది కాదు. తొడ ఎముక కింది కొన మీదా, కాలి ఎముక పై కొన మీదా నున్నటి పొర ఒకటి ఉంటుంది. మృదులాస్థి అంటారు. గుజ్జు అన్నది దాన్నే. అది అరిగితే ఎముకా ఎముకా రాసుకుంటాయి.

ఆపరేషన్ అంటే మోకాలంతా తీసేసి ఇనుప కీలు బిగిస్తారని భయపడేవాళ్లు చాలామంది. అంత ఉండదు. అరిగిన కొనలను ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ మందంలో కోసి, తొడ ఎముకకు లోహపు తొడుగు వేస్తారు. కాలి ఎముక మీద లోహపు పళ్లెం అమర్చి, రెంటికీ మధ్య గట్టి ప్లాస్టిక్ దిమ్మ పెడతారు. పుచ్చిన పన్నును చెక్కి తొడుగు వేయడం లాంటిదే, కాకపోతే కాస్త పెద్దది. చిప్పను అవసరాన్ని బట్టి సరిచేస్తారు, లేదా అలాగే వదిలేస్తారు.

తెలుగిళ్లలో ఈ ఆపరేషన్ పేరు బాగా వినిపించింది వాజ్‌పేయి పుణ్యమా అని. ఆయన ప్రధానిగా ఉండగా 2000 అక్టోబరులో ముంబయి బ్రీచ్‌కాండీ ఆసుపత్రిలో ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ఆపరేషన్ జరిగింది. చేసింది న్యూయార్క్ నుంచి వచ్చిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్. 1970లలో జాన్ ఇన్సాల్ తదితరులతో కలిసి నేటి కృత్రిమ మోకాలికి రూపం ఇచ్చిన బృందంలో ఆయనా ఒకరు. ప్రధాని మెల్లగా అడుగులు వేయడం టీవీల్లో చూశాక ‘మోకాలు మార్చుకోవచ్చట’ అన్న మాట ఊళ్లకూ పాకింది.

గుంజను బట్టి దూడ... దూడను బట్టి గుంజ

ట్రాక్టరు ముందు టైరు ఒకవైపే అరిగిపోతుంటే మెకానిక్ ఏమంటాడు? ‘అలైన్‌మెంట్ తప్పింది’ అంటాడు. కొత్త టైరు వేసినా అలైన్‌మెంట్ సరిచేయకపోతే అదీ అలాగే అరుగుతుంది. మోకాలికీ ఇదే లెక్క. తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు ఒక గీత గీస్తే, అది మోకాలి మధ్యగా వెళ్లాలన్నది పాతకాలం నుంచీ వస్తున్న సూత్రం. కాలు దొడ్డిగా వంగిన మనిషిలో ఆ గీత మోకాలి లోపలి వైపుకు జరుగుతుంది. బరువంతా అటే పడుతుంది. ఆపరేషన్‌లో ఎముకను కోసే కోణం ఆ గీతను మళ్లీ సరైన చోటికి తేవాలి. మూడు డిగ్రీలకు మించి తేడా రాకూడదని సర్జన్లు లక్ష్యంగా పెట్టుకున్నారు.

చిక్కు ఏమిటంటే... ఆపరేషన్ బల్ల మీద సర్జన్‌కు మోకాలు ఒక్కటే తెరిచి కనిపిస్తుంది. తుంటి కీలు కండలోపల ఎక్కడో దాగి ఉంటుంది. అందుకే పాత పద్ధతిలో తొడ ఎముక బోలులోకి సన్నటి కడ్డీ ఒకటి దించి, దాని ఆధారంగా కోత కోణం నిర్ణయిస్తారు. అనుభవం ఉన్న చేతుల్లో ఇది చక్కగా కుదురుతుంది. లక్షల మంది ఇలాగే బాగుపడ్డారు. కానీ తొడ ఎముకే విల్లులా వంగి ఉంటే? ఎప్పుడో విరిగి లోపల రాడ్డో ప్లేటో ఉంటే? కడ్డీ దారి తప్పుతుంది, లేదా అసలు దిగదు.

కంప్యూటర్ నావిగేషన్ పుట్టింది ఈ చిక్కులోంచే. ఈ పద్ధతిలో తొలి మోకాలి మార్పిడి 1997లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జరిగింది. తొడ ఎముకకూ కాలి ఎముకకూ సన్నటి పిన్నులతో చిన్న గుర్తులు బిగిస్తారు. పక్కనే ఉన్న పరారుణ కెమెరా వాటిని రెప్పవేయకుండా చూస్తుంటుంది. సర్జన్ కాలు పట్టుకుని గుండ్రంగా తిప్పుతాడు. గుంజకు కట్టేసిన దూడ తిరిగిన దారిని చూస్తే, గుంజ ఎక్కడుందో చెప్పేయొచ్చు కదా... అచ్చం అలాగే, గుర్తులు తిరిగిన దారిని బట్టి తుంటి కీలు మధ్యభాగం ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఆ తర్వాత చీలమండ ఎముకలనూ, మోకాలి మీద కొన్ని చోట్లనూ సర్జన్ ఒక మొనతో తాకి చూపిస్తాడు. తెర మీద ఆ మనిషి కాలే గీతల రూపంలో ప్రత్యక్షమవుతుంది. ఎన్ని డిగ్రీలు వంగింది, ఎన్ని మిల్లీమీటర్లు కోయాలి, కోశాక సరిగ్గా వచ్చిందా, కాలు చాచినప్పుడూ మడిచినప్పుడూ రెండువైపులా బిగువు సమానంగా ఉందా... అన్నీ అంకెల్లో కనిపిస్తాయి.

కోసేది మాత్రం సర్జనే. కంప్యూటర్ పని మేస్త్రీ చేతిలోని రసమట్టం పని. గోడ వంకరగా వస్తోందని చెబుతుంది, అంతే. ఇటీవల వినిపిస్తున్న రోబో పద్ధతి దీనికి తర్వాతి మెట్టు. అందులో కోత గీత దాటకుండా యంత్రం కాపలా కాస్తుంది. ముందే స్కాన్ తీసి, ఆ మనిషి ఎముకకు సరిపోయే కోత అచ్చులను త్రీడీ ప్రింటర్‌తో తయారుచేసే పద్ధతి మరొకటి. పేర్లు వేరైనా అన్నీ చెబుతున్నది ఒకటే... అందరి మోకాళ్లూ ఒకటి కాదు.

ఎవరి కాలు వారిదే

మరి కాలు గీత గీసినట్టు నిటారుగా వస్తే చాలా? ఇక్కడే కథ మలుపు తిరిగింది. 2012లో బెల్జియం పరిశోధకులు ఏ మోకాలి జబ్బూ లేని 250 మంది యువతీ యువకుల కాళ్లు కొలిచారు. మగవాళ్లలో 32 శాతం, ఆడవాళ్లలో 17 శాతం మందికి పుట్టుకతో వచ్చిన తీరులోనే మూడు డిగ్రీలు, అంతకుమించి దొడ్డితనం ఉందని తేలింది. అంటే కాస్త వంగిన కాలే వాళ్లకు సహజం. అలాంటి మనిషికి జీవితంలో ఎన్నడూ లేనంత నిటారు కాలు ఇస్తే, చుట్టూ ఉన్న కండరాలూ నరాలూ ‘ఇది మా కాలు కాదే’ అని మొరాయించవచ్చు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2010లో ప్రచురించిన లెక్కల్లోనూ, గీత సరిగ్గా మధ్యలో కుదిరిన మోకాళ్లు పదిహేనేళ్ల తర్వాత మిగతావాటికంటే ఎక్కువగా నిలిచినట్టు కనిపించలేదు.

అందుకే ఇప్పుడు కొందరు సర్జన్లు మనిషి అసలు కాలి తీరుకు దగ్గరగా అమర్చాలంటున్నారు. ఎంతవరకు అన్న విషయంలో వాళ్లలో వాళ్లకు ఇంకా వాదన నడుస్తూనే ఉంది. నావిగేషన్ అనుకున్న కోణాన్ని తప్పకుండా కోయడానికి సాయపడుతుంది. ఏ కోణం అనుకోవాలో మాత్రం మనిషే నిర్ణయించాలి.

ఇక లాభనష్టాల సంగతి. నావిగేషన్‌తో కోణాలు దారి తప్పడం తగ్గిందని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఆస్ట్రేలియా దేశవ్యాప్త రిజిస్ట్రీ లెక్కలతో 2015లో వచ్చిన పరిశీలన ప్రకారం, 65 ఏళ్లలోపు వారిలో మళ్లీ ఆపరేషన్ చేయాల్సిన అవసరం కొంత తగ్గింది. కానీ నొప్పి తగ్గడంలో, నడకలో పాత పద్ధతికీ దీనికీ పెద్ద తేడా చాలా అధ్యయనాల్లో కనిపించలేదు. ఆపరేషన్‌కు కాస్త ఎక్కువ సమయం పడుతుంది. పిన్నులు గుచ్చిన చోట ఎముక విరగడం అరుదుగా జరుగుతుంది. ఎముక బాగా వంగినవారికి, పాత రాడ్లు ఉన్నవారికి ఇది నిజంగా ఉపయోగం. మామూలు అరుగుదలకు, చేయి తిరిగిన సర్జన్ పాత పద్ధతిలో చేసినా నష్టపోయేది పెద్దగా ఉండదు. ‘కంప్యూటర్‌తో చేస్తారట’ అన్న ఒక్క మాటకు అప్పు రెట్టింపు చేసుకోనక్కర్లేదు.

ఎవరూ అడగని ప్రశ్న

ఆసుపత్రి గదిలో ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. డాక్టరు అడుగుతాడు. కొడుకు జవాబు చెబుతాడు. అమ్మ చీర కొంగు సర్దుకుంటూ కూర్చుంటుంది. ఎన్నాళ్ల నుంచి నొప్పి, షుగర్ ఉందా, బీపీ ఉందా... అన్నీ కొడుకే. ఆమె నోరు విప్పేది ఒక్క విషయంలోనే. ‘ఎన్నేండ్లుంటనని లక్షలు పోస్తవు బిడ్డా?’

దానికి జవాబుంది. 2019లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, పూర్తి మోకాలి మార్పిడుల్లో దాదాపు 82 శాతం పాతికేళ్ల పాటు నిలుస్తున్నాయి. అరవై అయిదేళ్ల అమ్మకు అది ఒక జీవితకాలం. కానీ మరో లెక్క కూడా ఉంది. కెనడాలోని ఒంటారియోలో మోకాలు మార్పించుకున్న 1,703 మందిని అడిగితే 19 శాతం మంది తృప్తిగా లేమన్నారు. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి. ఆ అసంతృప్తికి అన్నిటికంటే బలంగా ముడిపడ్డ కారణం... ఆశించింది నెరవేరకపోవడం!

మరి ఇక్కడి అమ్మ ఏం ఆశిస్తుంది? ఆమెను ఎవరైనా అడిగారా? నేల మీద కూర్చోవాలి. పొలం గట్టు మీద నడవాలి. పెళ్లిలో నలుగురితో కలిసి తిరగాలి. కొత్త మోకాలు చాలామందిలో 110, 120 డిగ్రీల దాకా మడత పడుతుంది. నడవడానికి, మెట్లెక్కడానికి, కుర్చీలోంచి లేవడానికి అది చాలు. గొంతుక్కూర్చోవడానికి అంతకంటే ఎక్కువ కావాలి. మడత పడ్డా, రోజూ అలా కూర్చోవద్దనే వైద్యులు చెబుతారు. అంటే గట్టు మీద నడక వస్తుంది, బురదలో నాటు రాదు. గుడికి వెళ్లొచ్చు, నేల మీద బాసింపట్టు కష్టం. ఇంట్లో కమోడ్ మరుగుదొడ్డి, స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ, కాస్త ఎత్తున్న మంచం ముందే సిద్ధం కావాలి. ఈ మాటలు ఆపరేషన్‌కు ముందే అమ్మకు, అమ్మ భాషలో చెప్పాలి.

లక్షల లెక్క

2017 ఆగస్టులో కేంద్రం మోకాలి పరికరాల ధరలకు కళ్లెం వేసింది. అంతకుముందు సగటున లక్షన్నర పైన పలికిన కోబాల్ట్ క్రోమియం మోకాలికి 54,720 రూపాయలు, టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకాలకు 76,600 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. జీఎస్టీ అదనం. ఇది పరికరం ఖరీదు మాత్రమే. గది, మత్తు, థియేటర్, సర్జన్ ఫీజు, నావిగేషన్ లేదా రోబో వాడినందుకు రుసుము... ఇవన్నీ వేరు. బిల్లులో పరికరం పేరూ ధరా విడిగా చూపించమని అడగడం తప్పు కాదు, హక్కు.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఏడాదికి పది లక్షలకు పెంచారు. పరిమితి పెరిగినంత మాత్రాన ప్రతి ఆసుపత్రిలో ప్రతి ఆపరేషనూ ఉచితమని కాదు. మోకాలి మార్పిడి ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకున్నాకే బయల్దేరాలి. హైదరాబాద్‌లోని గాంధీ, ఉస్మానియా, నిమ్స్‌లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. అరెకరం అమ్మకానికి పెట్టేముందు ఆ తలుపు కూడా తట్టి చూడాలి.

అసలు అంతకంటే ముందు చేయాల్సినవీ ఉన్నాయి. ఒక కిలో బరువు తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామాలతో ఏళ్ల తరబడి ఆపరేషన్ వాయిదా వేసుకున్నవారున్నారు. నొప్పి బిళ్లలు అదేపనిగా మింగితే కిడ్నీలకు ముప్పు. ఊళ్లో ఎవరైనా మోకాల్లో స్టెరాయిడ్ సూది వేసి ఉంటే ఆ సంగతి సర్జన్‌కు తప్పక చెప్పాలి. సూదికీ ఆపరేషన్‌కూ మధ్య మూడు నెలలైనా ఎడం లేకపోతే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. షుగర్ అదుపులోకి రావాలి. కాళ్ల మీద పుండ్లు మానాలి.

ఇక ఆపరేషన్ అయ్యాక... అదే రోజో మర్నాడో వాకర్ పట్టించి నిలబెడతారు. ఇంటికొచ్చాకే అసలు పని మొదలవుతుంది. మడమ కింద దుప్పటి చుట్ట పెట్టి కాలు చాచడం, మంచం అంచున కూర్చుని మడవడం... రోజుకు మూడు నాలుగు సార్లు, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మానకుండా. మొదటి ఆరు వారాలు బద్ధకిస్తే ఎంత గొప్ప కంప్యూటర్ కొలిచిన మోకాలైనా బిగుసుకుపోతుంది. ఆ ఆరు వారాలు అమ్మ పక్కన ఎవరుంటారు? కొడుక్కు సెలవుండదు. కూతురు అత్తగారింట్లో ఉంటుంది. కోడలికి పిల్లల బడి. ఇంతకాలం అందరి పనీ అమ్మే చేసింది కాబట్టి, ఆమె పని ఎవరు చేయాలన్న ప్రశ్న ఆ ఇంట్లో ఇదివరకు వచ్చి ఉండదు.

ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు ఇంటిల్లిపాదీ ఒక పూట కూర్చోవాలి. ఆసుపత్రి ఏది, పద్ధతి ఏది అన్నవి కొడుకులు మాట్లాడతారు. వాటితోపాటు పాడి సంగతి కూడా తేల్చాలి. కొత్త మోకాలితో ఆమె బర్రె పక్కన గొంతుక్కూర్చోలేదు. ఎత్తు పీట వేసుకుని పిండొచ్చా, కోడలు నేర్చుకుంటుందా, లేక బర్రెను అమ్మేయాలా? ఆ పాల డబ్బులు ఇన్నాళ్లూ అమ్మ చేతి ఖర్చు. అమ్మేస్తే ఆమె చేతికి నెలనెలా ఎవరు ఎంత ఇస్తారో కూడా ఆ పూటే చెప్పాలి.